ఆర్కిడ్ పూలకాడ విరిగిందా? ముందు క్యాలెండర్ చూడండి

చలికాలం వెళ్లే రోజుల్లో ఈ శీర్షికకు ఆర్కిడ్ల మీదే ఎక్కువ ఉత్తరాలు వస్తాయి. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు నర్సరీ మేళాలోనో, సూపర్‌మార్కెట్‌లోనో నిండా పూలతో ఉన్న మొక్క ముచ్చటపడి కొంటాం. ఇంటికి చేరేలోపు పూలకాడ విరుగుతుంది, లేదంటే పది రోజుల్లో మొగ్గలు రాలిపోతాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆర్కిడ్లకే ఇస్తున్నాం. మొదలు దగ్గర నాలుగైదు మందపాటి ఆకులు, వాటి మధ్య నుంచి సన్నగా పైకి లేచిన కాడ, దానికి సీతాకోకచిలుకల్లాంటి పూలు ఉంటే అది ఫాలినాప్సిస్. వేరే రకం అని చెప్పనిచోట కింది జవాబులన్నీ దాని గురించే.

సూపర్‌మార్కెట్‌లో తెల్ల ఆర్కిడ్ కొని స్కూటీ మీద తెచ్చాను. ఇంటికొచ్చి చూస్తే పూలకాడ మధ్యలో విరిగి ఉంది. ఏడు పూలలో కింది రెండూ బాగున్నాయి, పై ఐదూ వేలాడుతున్నాయి. పూర్తిగా తెగలేదు. అతికించవచ్చా? కోసేస్తే మళ్లీ పూస్తుందా? మొక్కకు ఐదు ఆకులున్నాయి.
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

వేలాడుతున్న భాగాన్ని మెల్లగా పైకెత్తి, కాడ మామూలుగా నిలబడే తీరులో పట్టుకోండి. అలా పట్టుకునే విరిగిన చోటును దగ్గరగా చూడండి. ఒక పక్కన సగం మందం దాకా పచ్చగా, నారతో సహా కలిసి ఉంటే కట్టు కట్టవచ్చు. పైతోలు మాత్రమే పట్టుకుని వేలాడుతుంటే కట్టినా లాభం లేదు.

కారణం ఇది. ఆర్కిడ్ కూడా చెరకు, వెదురు, వరి లాగా ఏకదళబీజపు మొక్క. మామిడికో గులాబీకో అంటు కడితే అతుక్కోవడానికి బెరడు కింద చుట్టూ పెరిగే పొర ఒకటి ఉంటుంది. ఆర్కిడ్ కాడలో ఆ పొర లేదు. చెరకు గడ నమిలినప్పుడు పంటికి తగిలే పీచులాగే, నీళ్లు మోసే నాళాలు ఇందులోనూ విడివిడిగా ఉంటాయి. తెగిన నాళాలు మళ్లీ కలవవు, మిగిలినవే పై ఐదు పూలకూ నీళ్లు అందించాలి. అవి కూడా చిట్లిపోకుండా ఆపడం వరకే కట్టు పని.

కట్టుకు మెడికల్ షాపులో దొరికే మైక్రోపోర్ టేపు, కబాబ్‌లకు గుచ్చే వెదురు పుల్ల చాలు. పుల్లను పది సెంటీమీటర్ల ముక్కలు రెండు చేయండి. విరిగిన చోటుకు చెరో పక్కన, పైకి ఐదు సెంటీమీటర్లు, కిందికి ఐదు సెంటీమీటర్లు వచ్చేలా ఆనించి టేపు చుట్టండి. చిట్లిన చోట మాత్రం టేపు వేయకుండా గాలి తగలనివ్వండి. అక్కడ దాల్చిన చెక్క పొడి కొద్దిగా అద్దితే గాయం త్వరగా ఆరుతుంది. ఆ పొడి వేర్ల మీద పడనీయకండి, వాటినీ అలాగే ఎండబెట్టేస్తుంది. తర్వాత కాడ మొత్తాన్ని కుండీలో గుచ్చిన పొడవాటి పుల్లకు మూడు చోట్ల వదులుగా కట్టండి. పూల బరువు కట్టు మీద పడకూడదు.

మూడు రోజులు ఆగి చూడండి. పై పూల రేకులు గట్టిగా ఉంటే కట్టు పనిచేసినట్టే, పూలున్నంత కాలం అలాగే ఉంచండి. రేకులు మెత్తబడి ముడుచుకుంటుంటే ఇక ఆలస్యం చేయకుండా కోసేయండి. రెండో పువ్వుకు ఒక సెంటీమీటరు పైన ఏటవాలుగా కోస్తే కింది రెండు పూలూ మొక్క మీదే ఉంటాయి. కోసిన ముక్కను పారేయకండి. అడుగు మరోసారి ఏటవాలుగా కత్తిరించి గ్లాసు నీళ్లలో పెట్టి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మారుస్తూ అడుగు కాస్త కాస్త కత్తిరిస్తుంటే పది రోజులైనా నిలుస్తాయి.

కోతకు కొత్త షేవింగ్ బ్లేడు వాడండి. ఒక మొక్కకు ఒక బ్లేడు. ఆర్కిడ్లలో వైరస్ తెగుళ్లు ఒక మొక్క రసం కత్తెరకంటి ఇంకో మొక్కకు పాకుతాయి, వాటికి మందు లేదు. శానిటైజరుతో తుడిస్తే సరిపోదు. కత్తెరే వాడాలంటే స్టవ్ మంట మీద మొనను పది పదిహేను సెకన్లు బాగా కాల్చి చల్లార్చాలి.

ఇక మళ్లీ పూస్తుందా అన్న ప్రశ్న. కాడ కింది భాగంలో, మొదటి పువ్వుకు దిగువన, చెరకుకు ఉన్నట్టే మూడు నాలుగు కణుపులు కనిపిస్తాయి. ఒక్కో కణుపు మీద ఎండిన పొర, దాని కింద నిద్రపోతున్న మొగ్గ ఉంటాయి. పూలు రాలాక కింది నుంచి రెండో కణుపుకో మూడో కణుపుకో ఒక సెంటీమీటరు పైన కోస్తే ఆ మొగ్గ మేల్కొని పక్కకొమ్మ వేసి, రెండు మూడు నెలల్లో మళ్లీ పూయవచ్చు. ఎక్కడ చదివినా ఇదే రాసి ఉంటుంది, చల్లని దేశాల్లో బాగానే పనిచేస్తుంది. హైదరాబాద్‌లో మాత్రం కోసే ముందు క్యాలెండర్ చూడాలి. డిసెంబరు, జనవరిలో కోస్తే పక్కకొమ్మ మార్చిలో పూయగలదు. ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో కోస్తే మొగ్గలు విచ్చే సమయానికి ఏప్రిల్, మే ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. ఆ వేడికి మొగ్గలు ఎండి రాలతాయి. ఒక్కోసారి కణుపు దగ్గర పూలకొమ్మ బదులు పిల్లమొక్క మొలుస్తుంది.

మీది ఐదు ఆకుల మొక్క, బలంగా ఉన్నట్టే. ఉన్న రెండు పూలనూ చూసుకోండి. మార్చిలోపే రాలితే, ఇంట్లో 30 డిగ్రీలు దాటని గది ఉంటే మూడో కణుపు మీద కోసి చూడండి. అలాంటి గది లేదంటే కాడను మొదట్లో రెండు సెంటీమీటర్లు వదిలి మొత్తం తీసేయడమే మా సలహా. ఆ బలంతో మొక్క ఒక ఆకు, నాలుగు వేర్లు ఎక్కువ వేసుకుంటుంది, వచ్చే చలికాలపు కాడ దానికి తగ్గట్టే వస్తుంది. కోయకుండా వదిలినా ప్రమాదమేమీ లేదు. పచ్చగా ఉన్నంత కాలం కాడ కూడా ఆకులాగే ఎండను వాడుకుంటుంది. పసుపు రంగుకు తిరిగాక మాత్రం ఉంచవద్దు.

నీలం రంగు ఆర్కిడ్ కానుకగా వచ్చింది. పూలకాడ కింది భాగంలో చిన్న రంధ్రం, దాని మీద మైనం లాంటిది ఉన్నాయి. ఇప్పుడు ఆ చుట్టూ నల్లబడి కాడ మెత్తబడుతోంది. ఇది తెగులా?
— ఒక పాఠకుడు, సైనిక్‌పురి

తెగులు కాదు, సూది గాయం. ముదురు నీలం ఫాలినాప్సిస్ అంటూ అమ్మేవి తెల్ల పూల మొక్కలే. పెరుగుతున్న కాడలోకి రంగు ఎక్కించి ఆ రంధ్రాన్ని మైనంతో మూస్తారు. ఆ గాయం దగ్గర కాడ కుళ్లడం మామూలే. నల్లబడిన భాగానికి రెండు సెంటీమీటర్లు కింద, లోపలి గుజ్జు శుభ్రంగా ఆకుపచ్చగా కనిపించే చోట కోయండి. కోసిన ముఖం మీద గోధుమరంగు చుక్కలు కనిపిస్తే ఇంకో సెంటీమీటరు దిగండి. నలుపు ఆకుల మధ్యకు దిగిపోతే మొక్కే పోతుంది కాబట్టి ఈ పని రేపటికి పెట్టకండి. పై పూలు బాగుంటే నీళ్లలో పెట్టుకోవచ్చు. మళ్లీ పూసినప్పుడు తెల్లగా పూస్తుంది, కాడలో రంగు మిగిలి ఉంటే మొదటి పూలకు కాస్త నీలి ఛాయ ఉండవచ్చు. అమ్మినవాళ్లు ఈ సంగతి కొనేటప్పుడే చెప్పాలి.

పూలకాడ చివర ఆరు మొగ్గలుండేవి. తెచ్చిన వారంలో ఒక్కొక్కటి పసుపుగా మారి రాలిపోయింది. ఇప్పుడు కాడ కొన కూడా ఎండుతోంది. నీళ్లు సరిగానే పోస్తున్నా. హాల్లో దేవుడి గూటి పక్కన పెట్టాం.
— ఒక పాఠకురాలు, మణికొండ

దేవుడి గూడు పక్కన అన్నారు కదా, కారణం అక్కడే ఉండవచ్చు. అగరుబత్తి, సాంబ్రాణి పొగలో ఎథిలీన్ వాయువు ఉంటుంది. మామిడి, అరటి, ఆపిల్ పండ్లు మాగేటప్పుడు వదిలేదీ అదే. ఫాలినాప్సిస్ మొగ్గకు ఆ వాయువు చాలా కొద్దిగా సోకినా తొడిమ దగ్గర పట్టు వదిలేస్తుంది. పండ్ల బుట్ట ఉన్న డైనింగ్ టేబుల్ మీద, గ్యాస్ స్టవ్ ఉన్న వంటగట్టు మీద కూడా పెట్టకూడదు.

పొగ కాకపోతే గాలి. ఏసీ గాలి నేరుగా తగిలితే మొగ్గ తొందరగా ఎండిపోతుంది. విచ్చిన పువ్వు కొంత ఓర్చుకుంటుంది కానీ మొగ్గకు అంత ఓపిక లేదు. చల్లని షాపు నుంచి మధ్యాహ్నం ఎండలో పార్క్ చేసిన కారులోకి మారినా వారం తర్వాత ఇలాగే రాలతాయి, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

తూర్పు కిటికీ దగ్గరకు మార్చండి. కాడ కొనను ఎండిన మేరకే, పచ్చ మొదలయ్యే చోటుకు కాస్త పైన కత్తిరించండి. కింది భాగం పచ్చగా ఉంటే వదిలేయండి. మొగ్గలు రాలినంత మాత్రాన కాడ పోయినట్టు కాదు. ఎండిన కొన వెనకే ఉన్న కణుపు నుంచి చిన్న కొమ్మ రావచ్చు.

ఆకుల మధ్య నుంచి పచ్చగా ఏదో వస్తోంది. వేరా, పూలకాడా? పోయినసారి పుల్లకు కట్టబోతే విరిగింది, అందుకే భయంగా ఉంది.
— ఒక పాఠకుడు, మల్కాజ్‌గిరి

కొన చూడండి. వేరు కొన అగ్గిపుల్ల తలలా గుండ్రంగా, నున్నగా, మెరుస్తూ ఉంటుంది. పచ్చగానో ఎర్రగానో ఉండి కాస్త వెనక నుంచి బూడిద పూత మొదలవుతుంది. పూలకాడ కొన చిలక ముక్కులా ఒక పక్కకు వాలి, పొర మీద పొర కప్పినట్టుంటుంది. ఎక్కువగా పై నుంచి రెండో మూడో ఆకు మొదట్లో, ఆకును చీల్చుకుని పక్కకు వస్తుంది. తేడా తెలియకపోతే రెండు వారాలు ఆగండి, కణుపు కనిపిస్తే కాడే.

కట్టేటప్పుడు విరగడానికి కారణం చాలాసార్లు నీళ్లే. నీళ్లు పోసిన రోజు కాడ నీటితో బిగిసి ఉంటుంది, కొద్దిగా వంచినా పటుక్కున విరుగుతుంది. నీళ్లు పోయడానికి ముందు రోజు సాయంత్రం కట్టండి, అప్పుడు కాస్త సాగుతుంది. కాడ జానెడు పొడవు రాకముందు ముట్టుకోవద్దు. మొదటి రోజు కణుపు కిందుగా ఒక్క క్లిప్పు వదులుగా పెట్టి, నాలుగు రోజులకోసారి కొద్దికొద్దిగా పుల్ల వైపు జరపండి. కొన మూడు నాలుగు అంగుళాలను అసలు కట్టకూడదు, అది ఇంకా పెరుగుతోంది. లేతకాడ విరిగినా నిరాశపడకండి. నవంబరు, డిసెంబరులో కొన పోతే కింది కణుపు నుంచి అదే సీజనులో కొమ్మ రావడం తరచుగా చూస్తాం.

పూలకాడ ఎండిపోయింది. ఆకులు తోలులా ముడతలు పడి మెత్తగా వాలాయి. నీళ్లు చాలలేదేమోనని రోజూ పోస్తున్నా ఇంకా ఖరాబవుతోంది. మాది బోరు నీళ్లు. కుండీలో నాచు లాంటిది గట్టిగా కూరి ఉంది.
— ఒక పాఠకురాలు, మియాపూర్

వెంటనే నీళ్లు ఆపండి. వేర్లు కుళ్లితే ఆకులకు నీళ్లందవు, మొక్క దాహంతో ఉన్నట్టే కనిపిస్తుంది. దాహమనుకుని ఇంకా పోస్తే మిగిలిన వేర్లూ పోతాయి. రవాణాలో తడి ఆరకూడదని స్ఫాగ్నమ్ నాచును గట్టిగా కూరి అమ్ముతారు. పైన పొడిగా కనిపించినా నడిమి ముద్ద తడిగానే ఉంటుంది. పైగా దాన్ని అడుగు రంధ్రం లేని పింగాణీ తొట్టిలో పెడితే ఆ నీళ్లలోనే కూర్చుంటుంది.

మామూలుగా కుండీ మార్చడానికి హైదరాబాద్‌లో మంచి సమయం జూన్ రెండో వారం తర్వాత, వానలు మొదలై గాలిలో తేమ పెరిగాక. మీ మొక్క అంత కాలం ఆగలేదు, ఈ వారమే చేయండి. ఎండిన కాడను మొదట్లో కోసేయండి. కుండీని పిసికి మొక్కను మెల్లగా బయటకు తీయండి. నాచును వేళ్లతో కొద్దికొద్దిగా లాగండి. కొన్నిటికి నడుమ మొలకల నాటి చిన్న ప్లాస్టిక్ బుట్టో, ఇంకా గట్టి నాచు ముద్దో ఉంటుంది, అదీ తీసేయాలి. ఇప్పుడు ఒక్కో వేరునూ రెండు వేళ్ల మధ్య నొక్కండి. గట్టిగా ఉంటే బతికుంది, రంగు గోధుమైనా సరే. తోలు జారిపోయి లోపల దారం మాత్రం మిగిలితే, లేదా చిదిమితే నీళ్లు కారితే చచ్చిన వేరు, కోసేయండి. తర్వాత మూడు నాలుగు గంటలు నీడలో గాలికి ఆరనివ్వండి.

కుండీ వేర్లు పట్టేంతదే కావాలి, సాధారణంగా నాలుగంగుళాలది చాలు. వేర్లు కనిపించే పారదర్శక ప్లాస్టిక్ కుండీ అయితే మంచిది, లేకపోతే ప్లాస్టిక్ గ్లాసుకు పక్కల్లో పది రంధ్రాలు పెట్టుకోండి. ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల పైన్ బెరడు ముక్కలు రెండు పాళ్లు, కొబ్బరి డొక్క ముక్కలు ఒక పాలు, కట్టెబొగ్గు ఒక పాలు కలపండి. కొబ్బరి ముక్కల్లో ఉప్పు ఉంటుంది, ఒక రోజంతా నానబెట్టి మూడుసార్లు నీళ్లు మార్చాకే వాడాలి. మట్టి, పశువుల ఎరువు, వర్మీకంపోస్టు చారెడు కూడా వద్దు. ఈ మొక్క అడవిలో చెట్టు కొమ్మను పట్టుకుని బతికేది, దాని వేర్లకు తడి ఎంత కావాలో గాలీ అంతే కావాలి. నాటాక మూడు రోజులు నీళ్లు పోయకండి, కోతలు ఆరాలి.

ఆ తర్వాత రోజు లెక్క పెట్టుకోవద్దు. వేర్లు పచ్చగా ఉంటే తడి ఉంది, వెండి రంగుకు తిరిగితే పోయాలి. కుండీ ఎత్తి చూసి తేలికగా ఉందా అని చూసినా తెలుస్తుంది. ఈ మిశ్రమంలో చలికాలం ఐదారు రోజులకోసారి, మే నెలలో రెండు రోజులకోసారి పడవచ్చు. ఉదయం పూట పోయండి. నీళ్లు ధారాళంగా కారిపోయేలా పోసి పావుగంట వంపాక తొట్టిలో పెట్టాలి. ఆకుల నడుమ మొవ్వులో నీళ్లు నిలిస్తే టిష్యూ కాగితంతో అద్దేయండి. కొబ్బరిచెట్టు లాగానే దీనికీ పెరిగే చోటు ఆ ఒక్క మొవ్వే. అది కుళ్లి పై ఆకు పట్టుకోగానే ఊడి వస్తే, పక్క నుంచి పిల్ల వస్తే తప్ప మొక్క కోలుకోదు.

బోరు నీళ్ల సంగతి. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపే టీడీఎస్ మీటరుతో చూడండి. 200 లోపు మంచిది, 500 దాటితే కొద్ది నెలల్లో వేర్ల కొనలు నల్లబడతాయి, నాచు మీద తెల్లటి ఉప్పు పొర కడుతుంది. వాన నీళ్లు పట్టుకోగలిగితే అంతకంటే మంచివి లేవు. లేకపోతే ఆర్వో నీళ్లకు నాలుగో వంతు బోరు నీళ్లు కలపండి. ఆర్వో మిషను వదిలే వృథా నీళ్లలో ఉప్పు ఇంకా ఎక్కువ, అవి మాత్రం పోయకండి. కొత్త వేరు కొన పచ్చగా కనిపించాక నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 19:19:19 ఎరువు లీటరు నీళ్లకు అర గ్రాము చొప్పున పది రోజులకోసారి, వేర్లు తడిపాకే పోయండి. ముడతలు పడిన పాత ఆకులు పూర్తిగా సర్దుకోవు. కొత్త ఆకు నిగనిగలాడుతూ వస్తే మొక్క గట్టెక్కినట్టు.

గుడిమల్కాపూర్ నుంచి ఊదారంగు డెండ్రోబియం తెచ్చాను. పూలకాడ విరిగింది. దాని పక్కనే ఆకుల్లేని పాత గడలు రెండున్నాయి. వాటినీ కోసేయమన్నారు. దీనికి కూడా కణుపు మీద కోస్తే కొమ్మ వస్తుందా?
— ఒక పాఠకుడు, మెహదీపట్నం

రాదు. డెండ్రోబియం పూలకాడకు ఫాలినాప్సిస్‌లా పక్కకొమ్మ వేసే అలవాటు లేదు, అందుకే గడ దగ్గర ఒక సెంటీమీటరు వదిలి కోసేయండి. ఆకుల్లేని గడలను మాత్రం ముట్టుకోకండి. నొక్కితే గట్టిగా, పచ్చగానో పసుపుపచ్చగానో ఉన్న ప్రతి గడా మొక్కకు నీళ్లు, ఆహారం దాచిపెట్టిన కొట్టు. కొత్త పిలక దాని మీదే ఆధారపడుతుంది, ఒక్కోసారి ఆ పాత గడే పై కణుపుల్లోంచి మళ్లీ పూస్తుంది. బోలుగా, ఊకలా ఎండిపోయిన గడనే తీయాలి. దీనికి ఫాలినాప్సిస్ కంటే ఎండ ఎక్కువ కావాలి, ఉదయం రెండు మూడు గంటల లేత ఎండ నేరుగా తగిలినా మంచిదే. హైదరాబాద్ వేడికి మొదటి ఆర్కిడ్‌గా మేం డెండ్రోబియంనే సిఫారసు చేస్తాం.

పూలకాడ మీద జిగట చుక్కలు కనిపిస్తున్నాయి. చీమలు కూడా ఎక్కుతున్నాయి.
— ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

తేటగా ఒకటి రెండు తేనెచుక్కలు మాత్రమే ఉండి పురుగేదీ లేకపోతే అది మొక్క వదిలే తీపి రసం, తుడిస్తే చాలు. చీమలు బారులు తీరితే పిండినల్లి వెతకండి. పూల వెనక, కణుపు మీది ఎండు పొర కింద, ఆకు మొదట్లో దూది పింజెల్లా దాక్కుంటుంది. ఆ ఎండు పొరను గోటితో ఒలిచేయండి. మెడికల్ షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్‌బడ్ ముంచి ఒక్కోదాన్నీ తుడవండి. గుడ్లు మళ్లీ పొదుగుతాయి కాబట్టి వారానికోసారి చొప్పున నాలుగు వారాలు ఇలా చేయాలి, రెండో వారం కనిపించలేదని ఆపితే మొదటికొస్తుంది. వేప నూనె పూల మీద కొట్టవద్దు, మరకలు పడతాయి. ఆకుల మీద కొట్టినా సాయంత్రం పూటే.

విరిగిన పూలకాడను కోయకుండా వదిలేశాం. కణుపు దగ్గర చిన్న ఆకులతో పిల్లమొక్క వచ్చింది. విడదీయవచ్చా?
— ఒక పాఠకుడు, తార్నాక

దానికి సొంత వేర్లు కనీసం మూడు, ఒక్కోటి ఐదు సెంటీమీటర్లు దాటేవరకు తల్లి మీదే ఉంచండి. ఇందుకు ఆరు నెలలు, ఇంకా ఎక్కువ పట్టినా పట్టవచ్చు. ఆ కాలంలో వేర్లకు రెండు రోజులకోసారి నీళ్లు చిలకరించండి. తర్వాత పిల్లకు చెరో పక్కన రెండు సెంటీమీటర్ల కాడ ఉంచి కోసి, మూడంగుళాల కుండీలో వదులుగా పరిచిన తడి నాచులో నాటండి. పూయడానికి రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. ఒక్క హెచ్చరిక: తల్లి మొక్క ఆకులు వాడి ఉంటే ముందు దాని వేర్లు చూడండి. మొవ్వు దెబ్బతిన్న మొక్క చివరి ప్రయత్నంగా కూడా పిల్లను వేస్తుంది.

కాడ విరిగి పోయినేడు కోసేశాం. ఆకులు ఆరు, నిండుగా ఉన్నాయి. ఏడాదిన్నరగా ఒక్క పువ్వు లేదు. హైదరాబాద్‌లో ఇంట్లో ఇది మళ్లీ పూస్తుందా?
— ఒక పాఠకురాలు, కొండాపూర్

పూస్తుంది. మీ మొక్కకు బలం ఉంది, అందనిది చలి. ఫాలినాప్సిస్ వేడిగా ఉన్నంత కాలం ఆకులే వేస్తుంది. పెద్ద ఎత్తున పెంచేవాళ్లు పూలు వద్దనుకున్నన్నాళ్లు 28 డిగ్రీల దగ్గర ఉంచి, కావాలనుకున్నప్పుడు 25 కిందికి దించేది ఇందుకే. ఫ్లాట్‌లో తలుపులు మూసిన హాల్లో ఆ చలి తగలదు. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రులు 13 నుంచి 17 డిగ్రీలకు దిగుతాయి, ఈ మొక్కకు సరిగ్గా కావలసిందదే.

అందుకు పని వానాకాలంలోనే మొదలుపెట్టాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా ఎరువు సరిగా అందితే ఆకులు గట్టిపడతాయి. దీపావళి వెళ్లాక, రాత్రులు 18 డిగ్రీలకు దిగుతుండగా తూర్పు బాల్కనీలోకి మార్చండి. మధ్యాహ్నం ఆకుకు ఒక అడుగు పైన చెయ్యి పెడితే అంచులు మసకబారిన నీడ పడాలి. నీడ కత్తిరించినట్టు గట్టిగా పడితే ఎండ ఎక్కువ, అక్కడ 75 శాతం షేడ్ నెట్ కట్టండి. ఆకు పట్టుకుంటే వెచ్చగా తగలకూడదు, మాడిన మచ్చ పడితే పోదు. ఆకులు ముదురు పచ్చగా, పొడుగ్గా వాలుతుంటే వెలుతురు చాలడం లేదు. పూలు రాకపోవడానికి చలి తర్వాత పెద్ద కారణం ఇదే.

నాలుగు నుంచి ఆరు వారాలు ఆ చల్లదనంలో ఉంచండి. వాతావరణ వార్తల్లో 12 లోపు అంటే ఆ రాత్రికి లోపలికి తెచ్చి ఉదయం మళ్లీ పెట్టండి. నీళ్లు తగ్గించాలి కానీ ఎండబెట్టకూడదు. సంక్రాంతి నాటికి ఆకు పక్కన వేలెడు కాడ కనిపించవచ్చు, పూలు మార్చిలో విచ్చుతాయి. కాడ కనిపించిన రోజు కుండీ మీద వెలుతురు వైపున స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకోండి. నీళ్లకు తీసినప్పుడల్లా ఆ గీత కిటికీ వైపే వచ్చేలా తిరిగి పెట్టాలి. కుండీ తిప్పుతుంటే కాడ వెలుతురు కోసం మెలికలు తిరుగుతుంది, మెలికపడిన కాడ పూల బరువుకు విరుగుతుంది.